బడి తోటను ఆరుబయట తరగతి గదిగా మలచడం ఎలా? చంద్రగిరి మండలం నుంచి ఒక ప్రశ్న

చంద్రగిరి సైన్సు టీచరు:

సభ్యులందరికీ నమస్కారం. నేను చంద్రగిరి మండలంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. మా బడి వెనక, ప్రహరీ గోడ లోపల, సుమారు ఎనిమిది సెంట్ల స్థలం ఖాళీగా పడి ఉంది. ఎర్ర గరప నేల. ఒక మూల పాత గదులు పడగొట్టినప్పటి ఇటుక ముక్కలు మిగిలి ఉన్నాయి. పడమటి వైపు పెద్ద వేపచెట్టు ఉంది, బోరు కుళాయి కూడా దగ్గరే. జూన్ 12న బడులు తెరిచేలోగా ఈ స్థలాన్ని ఏం చేయాలో ఆలోచించి చెప్పమని మా ప్రధానోపాధ్యాయులు నాకు అప్పగించారు.

మధ్యాహ్న భోజనానికి ఆకుకూరలు, కూరగాయలు అందాలన్నది ఆయన ఉద్దేశం. కేంద్ర ప్రభుత్వం 2019లో పాఠశాల పోషక తోటలకు మార్గదర్శకాలు ఇచ్చాక చాలా బడుల్లో ఇలాంటి తోటలు మొదలయ్యాయి. నేను చూసిన వాటిలో ఎక్కువ చోట్ల ఉత్సాహం ఉన్న నలుగురు పిల్లలు నీళ్లు పోస్తారు, మిగిలినవారు కిటికీలోంచి చూస్తారు, పాఠానికీ తోటకూ పొత్తే కుదరదు. అలా కాకుండా ఆరు నుంచి పది వరకు ప్రతి తరగతికీ వారంలో కనీసం ఒక పీరియడు అక్కడే జరగాలని నా కోరిక. అయితే "పిల్లలను చదువుకోమని పంపితే మట్టి పని చేయిస్తారా" అని కొందరు తల్లిదండ్రులు ఇప్పటికే అడుగుతున్నారు. కొండ దగ్గరే కాబట్టి కోతుల బెడద కూడా ఉంది. అనుభవం ఉన్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

పాకాల విశ్రాంత ఉపాధ్యాయుడు:

అమ్మా, మీరు సరైన చోట ప్రశ్న మొదలుపెట్టారు. ఏ విత్తనం వేయాలన్న ఆలోచనను కొంతకాలం పక్కన పెట్టి, ముందు టైంటేబుల్ దగ్గర కూర్చోమని నా సలహా. జూన్ నుంచి మార్చి వరకు ఏ తరగతికి ఏ నెలలో ఏ పాఠం వస్తుందో ఒక పెద్ద కాగితం మీద రాసుకోండి. ఆ పాఠం చెప్పే వారానికి నేలలో ఏ మొక్క ఏ దశలో ఉండాలో దాని పక్కన రాయండి. విత్తే తేదీలు వాటంతట అవే తేలుతాయి. తోట వేశాక పాఠాలు వెతుక్కుంటే అవి దొరకవు. పాఠానికి తగినట్టు తోట వేస్తేనే అది తరగతి గది అవుతుంది.

మన ప్రాంతానికి వేరుశనగను మించిన పాఠ్యపుస్తకం లేదని నేను గట్టిగా నమ్ముతాను. ఆ ఒక్క మొక్కలో ఎంత శాస్త్రం ఉందో చూడండి. విత్తిన నాలుగు వారాలకు పసుపు పూలు వస్తాయి. పువ్వు వాడిన తరువాత దాని అడుగు నుంచి ఊడ బయలుదేరి కిందికి వంగి మట్టిలోకి దిగుతుంది, దాని కొసన కాయ ఊరుతుంది. పూసేది నేల పైన, కాసేది నేల లోపల అన్న విషయాన్ని బొమ్మ గీసి చెబితే పరీక్ష వరకు గుర్తుంటుంది. అదే పిల్ల ఒక ఊడకు రంగు దారం కట్టి, రోజూ స్కేలుతో కొలిచి, ఏ రోజు అది మట్టిని తాకిందో తన పుస్తకంలో రాసుకుంటే మరచిపోవడం సాధ్యం కాదు. ఒక ఊడ మట్టిని తాకకుండా చిన్న గాజు సీసాలోకి మళ్లించండి. చీకటి, తేమ లేనప్పుడు కాయ ఊరుతుందా లేదా అన్న ప్రశ్నకు పిల్లలు తామే జవాబు కనుక్కుంటారు.

ఇక వేర్ల సంగతి. నలభై రోజుల మొక్కను తడి నేలలోంచి జాగ్రత్తగా పెకలించి, వేర్లను నీళ్లలో కడిగితే బుడిపెలు కనిపిస్తాయి. ఒక బుడిపెను గోరుతో చీల్చండి. లోపల గులాబీ రంగు ఉంటే అందులోని రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తోందని అర్థం. ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్ వల్ల వస్తుంది. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు అది దగ్గరి బంధువని చెప్పినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి. పక్క మడిలో రాగి వేసి, దాని వేర్లను కూడా అదే రోజు పీకి చూపిస్తే పంట మార్పిడి ఎందుకు చేస్తారో ఎవరూ విడిగా చెప్పనవసరం లేదు.

గోడ వెంబడి ఒకటి రెండు ఎర్రచందనం మొక్కలకు చోటు ఇవ్వండి. 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తింపు పొందిన శేషాచలం కొండల నీడలో పెరుగుతున్న పిల్లలకు ఆ చెట్టు వార్తల్లో తప్ప తెలియకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. దాని కాయ చుట్టూ పలుచని రెక్క ఉంటుంది. గాలి ద్వారా విత్తన వ్యాప్తి అనే పాఠానికి అంతకన్నా దగ్గరి ఉదాహరణ మనకు లేదు.

పూతలపట్టు రైతు:

పెద్దలు చెప్పినదానిలో నాకు చాలావరకు సమ్మతమే కానీ ఒక విషయంలో భిన్నాభిప్రాయం ఉంది. కొలతలు, దారాలు బాగానే ఉన్నాయి. అయితే పిల్లలు పండించినది పిల్లల కంచంలోకి రావాలి. తాము వేసిన గోంగూర పప్పులో తింటేనే వారికి ఆ మడి మీద మమకారం పుడుతుంది. కాబట్టి ప్రధానోపాధ్యాయుల కోరికను పూర్తిగా పక్కన పెట్టకండి. ఎనిమిది సెంట్లలో రెండు సెంట్లు ఆకుకూరలకు ఇస్తే చాలు. తోటకూర, మెంతి నెలలోపే కోతకు వస్తాయి, బచ్చలి, పొన్నగంటి ఒకసారి నాటితే కోసేకొద్దీ చిగురిస్తాయి.

నేల గురించి చెబుతాను. ఇటుక ముక్కలు, సున్నపు పెళ్లలు ఉన్న మూలను సాగుకు వాడవద్దు, దానిని పిల్లలు కూర్చునే చోటుగా చదును చేయండి. మిగిలిన గరప నేలలో నీరు నిలవదు, సారం తక్కువ. మొదటి వానకు ముందే పశువుల ఎరువు తోలించి, నవధాన్యాలు చల్లి, మొక్కలు మోకాలెత్తు వచ్చాక మట్టిలో కలియదున్నితే నేలకు బలం వస్తుంది. మడుల మీద వేరుశనగ పొట్టు పరిచితే ఎండకు తేమ ఆరిపోదు. మన వైపు పొట్టుకు కొదవ లేదు. మడి వెడల్పు మూడు అడుగులు దాటనివ్వకండి. ఏ పక్కన నిలబడినా పిల్లల చేయి మధ్యకు అందాలి, ఎవరి కాలూ మడిలో పడకూడదు.

అన్నింటికన్నా ముఖ్యం వేసవి సెలవులు. ఏప్రిల్ చివర బడి మూస్తే జూన్ దాకా నీళ్లు పోసే దిక్కు ఉండదు. మే నెలలో తిరుపతి వైపు ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. ఆ కాలంలో కూరగాయలు కాపాడాలని వాచ్‌మన్ మీద భారం వేసే బదులు, మార్చికల్లా పంట ముగించి, విత్తనం దాచుకుని, మడులను ఆకులతో, పొట్టుతో కప్పి వదిలేయండి. మునగ, కరివేపాకు వంటి నిలిచే చెట్ల పక్కన మాత్రం మట్టికుండ పాతి, మూత పెట్టి, వారానికి రెండుసార్లు నింపితే సరిపోతుంది. నేలకు కూడా సెలవు కావాలి.

యాజమాన్య కమిటీ సభ్యురాలు, పుత్తూరు వైపు:

నేను టీచరును కాను, ఒక తల్లిని. మీలో ఎవరూ మా వైపు నుంచి మాట్లాడలేదు కాబట్టి రాస్తున్నాను. మా ఆయన, నేను ఇద్దరం కూలి పనికి వెళతాం. మా అమ్మాయి ఎండలో మట్టి మోయకూడదనే బడికి పంపుతున్నాం. ఆ పిల్ల బడిలో పార పట్టుకుంటే మాకు ఎలా ఉంటుందో మీరు ఆలోచించాలి. ఇది తోట మీద ద్వేషం కాదు.

ఇంకొక మాట కూడా చెప్పక తప్పదు. ఇలాంటి పనులు మొదలైనప్పుడు పేడ ఎవరు ఎత్తుతారు, కాలువ ఎవరు తీస్తారు, నోటు పుస్తకం పట్టుకుని నీడలో ఎవరు నిలబడతారు అన్నది చూడండి. కొన్ని ఇళ్ల పిల్లలకే ఎప్పుడూ మోత పని పడుతుంది. ఆడపిల్లలకు ఊడ్చే పని పడుతుంది. పని పంపకం రాసి గోడకు అతికించి, వారం వారం పేర్లు మారుస్తూ, టీచర్లు కూడా ఆ పట్టికలో ఉంటే నాకు అభ్యంతరం లేదు. విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. కాబట్టి ఈ తోట విషయం జూన్‌లో మొదటి సమావేశంలోనే మా ముందు పెట్టండి. గుంతలు తవ్వాక సంతకాలకు పిలవవద్దు.

చంద్రగిరి సైన్సు టీచరు:

అక్కా, మీరు ఇంత స్పష్టంగా రాసినందుకు ధన్యవాదాలు. పని పట్టిక గురించి మీరు చెప్పింది అక్షరాలా పాటిస్తాను. మీకు మరో ప్రశ్న: పిల్లలు ఎంత పని చేస్తే చదువు, ఎక్కడ దాటితే చాకిరీ? ఆ గీత ఎక్కడ గీయాలో పెద్దలు కూడా చెప్పాలి.

పాకాల విశ్రాంత ఉపాధ్యాయుడు:

ఆ తల్లి అడిగింది కొత్త ప్రశ్న కాదు. 1937లో వార్ధాలో గాంధీజీ చేతిపని కేంద్రంగా సాగే విద్యను ప్రతిపాదించినప్పుడు, పిల్లల పని వల్ల వచ్చే రాబడితో బడి ఖర్చు గడవాలన్న అంశం మీద గట్టి విమర్శ వచ్చింది. చేతితో నేర్వడం గొప్ప విషయమే. రాబడి లెక్క అందులోకి వచ్చిన క్షణం నుంచి పిల్లవాడు విద్యార్థిగా కాక పనివాడిగా కనబడే ప్రమాదం ఉంది. అందుకే ఎన్ని కిలోల కూర వచ్చింది అన్నదానితో తోటను కొలవవద్దని నేను పట్టుబడుతున్నాను.

గీత గురించి నా అభిప్రాయం చెబుతాను. నేల దున్నడం, ఎరువు మోయడం, గోతులు తవ్వడం, మోటారు వేయడం పెద్దల పని. వాటికి కూలి ఇచ్చి చేయించాలి. విత్తడం, కొలవడం, గమనించడం, రాయడం, కలుపును గుర్తుపట్టి తీయడం, కోయడం పిల్లల పని. పీరియడు గంట కొట్టగానే అది ఆగిపోవాలి. ఒక పిల్ల చేసే పనిలో ఈరోజు ఏమి నేర్చుకుంటోందో టీచరు ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే ఆ పని ఆమె చేత చేయించకూడదు. శిక్షగా తోట పని చెప్పడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తగదు. అది జరిగిన మరుసటి రోజు నుంచి తోట అంటే పిల్లలకు అవమానం గుర్తొస్తుంది.

శ్రీకాళహస్తి లెక్కల సారు:

తోట అంటే సైన్సు వారిది అనుకోవడం సరికాదు. లెక్కలకు అంతకన్నా మంచి చోటు లేదు. వర్షమాపకం ఒకటి పెట్టండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే సరిగ్గా ఒక లీటరు నీరు అవుతుంది. ఈ ఒక్క సంబంధం తెలిస్తే చాలు. నూరు చదరపు మీటర్ల బడి కప్పు మీద 20 మిల్లీమీటర్ల వాన కురిస్తే రెండు వేల లీటర్లు వచ్చినట్టేనని ఏడో తరగతి పిల్లలు తామే కట్టి చూపిస్తారు. మనకు నైరుతితో పాటు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వాన కూడా ఉంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు మునిగిన వాన పిల్లలకు ఇంకా గుర్తుంది. ఏడాది పొడవునా కొలిచిన అంకెలతో గ్రాఫు గీయిస్తే సగటు అనే మాటకు అర్థం తెలుస్తుంది.

జీవామృతం అనే ద్రవ ఎరువు తయారీ కూడా నిష్పత్తుల పాఠమే. ఎకరానికి 200 లీటర్ల నీటిలో 10 కిలోల పేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి కలుపుతారు. బడికి 20 లీటర్లు చాలు అన్నప్పుడు ఏది ఎంత తగ్గించాలో పిల్లలను లెక్క కట్టమనండి. అలాగే వేరుశనగ ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తారు. మరి ఒక సెంటుకు ఎంత? ఎకరానికి నూరు సెంట్లని తెలిసిన పిల్ల రెండు కిలోలని నోటితోనే చెబుతుంది.

విత్తే ముందు నూరు గింజలను తడి గోనెపట్టా మీద వరుసలుగా పేర్చి, చుట్టచుట్టి, ఎన్ని మొలకెత్తాయో లెక్కపెట్టించండి. ధ్రువీకరించిన వేరుశనగ విత్తనానికి కనీసం 70 శాతం మొలక ఉండాలన్నది నియమం. శాతం అనే పాఠం అక్కడే పూర్తవుతుంది, చెడ్డ విత్తనంతో మోసపోకుండా చూసుకునే తెలివి కూడా పిల్లల ద్వారా ఇంటికి చేరుతుంది.

తిరుపతి పట్టణ బడి టీచరు:

మా బడిలో ఒక్క సెంటు మట్టి కూడా లేదు, ఆవరణ అంతా సిమెంటు. అయినా కుండీలలో కరివేపాకు, నిమ్మ, గోడ పక్కన తనంతట తాను మొలిచిన జిల్లేడు మాకు తరగతి గదులయ్యాయి. కరివేపాకు, నిమ్మ ఆకుల మీద ఒక నల్ల సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. చిన్న గొంగళి పురుగు పక్షి రెట్టలా కనిపిస్తుంది, పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. ఆకులు తినేస్తోంది కాబట్టి చంపాలా, సీతాకోకచిలుక అవుతుంది కాబట్టి ఉంచాలా అన్న వాదన ఒక పీరియడంతా నడిచింది. చివరికి ఒక కుండీని పురుగులకే వదిలిపెట్టాలని తరగతి తీర్మానించింది. అలాంటి నిర్ణయం పిల్లలు తీసుకునే అవకాశం నాలుగు గోడల మధ్య ఎక్కడ దొరుకుతుంది?

ఆడపిల్లల గురించి ఒక మాట. నెలసరి రోజుల్లో మొక్కను తాకితే ఎండిపోతుందని మన ఇళ్లలో చెబుతారు. తోటలో పని పట్టిక వచ్చాక ఆ రోజుల్లో పిల్లలు ఏదో ఒక సాకు చెప్పి దూరంగా ఉంటారు. ఎవరినీ బలవంతం చేయకండి, ఎవరి పేరూ అడగకండి. మొక్క ఎందుకు ఎండుతుంది అన్న పాఠంలో నీరు, వేరు, తెగులు, ఎండ అన్న కారణాలన్నీ చెప్పి, ఈ నమ్మకాన్ని కూడా అందరి ముందు నిదానంగా చర్చించండి. మగపిల్లలు కూడా వినాలి.

ఆరుబయట పాఠం చెప్పేటప్పుడు టీచరు ఎండకు ఎదురుగా నిలబడాలి, పిల్లల వీపు ఎండ వైపు ఉండాలి. పదిన్నర తరువాత బయటకు తీసుకెళ్లవద్దు. మొత్తం తరగతిని ఒకేసారి మడి చుట్టూ నిలబెడితే వెనక ఉన్నవారికి ఏమీ కనబడదు. ఒక మడికి పది మంది మించకుండా బృందాలుగా చేయండి.

వ్యవసాయ కళాశాల విద్యార్థి, తిరుపతి:

భద్రత గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. ముందుగా ఆ స్థలంలో పచ్చగన్నేరు, ఉమ్మెత్త, ఆముదం ఉన్నాయేమో చూడండి. వీటి గింజలు ప్రాణాంతకం. చిన్న పిల్లలు తిరిగే చోట వాటిని తీసేయడమే మేలు. ఇటుకల కుప్ప, కట్టెల కుప్ప ఉంటే తేళ్లు, పాములు చేరతాయి. రక్తపింజర ఎండుటాకుల్లో కనిపించదు. కుప్పలు తొలగించండి, దారుల్లో గడ్డి పెరగనివ్వకండి, బూట్లు లేకుండా ఎవరినీ మడుల్లోకి పంపకండి. పాము కాటు జరిగితే కోయడం, గట్టిగా కట్టడం చేయకుండా, కరిచిన చోటును కదలనివ్వకుండా, విరుగుడు మందు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లాలన్నది టీచర్లందరికీ తెలిసి ఉండాలి.

వయ్యారిభామను పూతకు రాకముందే, చేతికి తొడుగులతో, పెద్దలే పీకించండి. దాని వల్ల చర్మం దద్దుర్లెక్కుతుంది. అంతేకాదు, 2000వ సంవత్సరంలో అనంతపురం జిల్లాలో వేరుశనగను తుడిచిపెట్టిన కాండం కుళ్లు తెగులుకు ఈ కలుపు మొక్కే ఆశ్రయమిచ్చింది. దాని పుప్పొడిలోని వైరస్‌ను తామర పురుగులు వేరుశనగ ఆకుల మీదికి చేరుస్తాయి. ఒక కలుపు మొక్కకు, ఒక పురుగుకు, ఒక జిల్లా రైతుల కష్టానికి ఉన్న ఈ సంబంధాన్ని పదో తరగతి పిల్లలకు తప్పక చెప్పండి.

మట్టి పరీక్షను కూడా పాఠంగా మార్చుకోవచ్చు. స్థలంలో అక్కడక్కడా 15 సెంటీమీటర్ల లోతున వి ఆకారంలో గుంత తీసి, అంచు నుంచి మట్టి గీకి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు వదిలేస్తూ పోతే చివరికి అర కిలో నమూనా మిగులుతుంది. విత్తనం కోసం తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానాన్ని సంప్రదించండి. నారాయణి, ధరణి వేరుశనగ రకాలు అక్కడ పుట్టినవే. తమ ఊరి పక్కనే కొత్త వంగడాలు తయారవుతాయని పిల్లలకు తెలియడం మంచిది.

పూతలపట్టు రైతు:

కోతుల విషయం మరచిపోయాను. వేరుశనగను అవి పీకి మరీ తింటాయి కాబట్టి పాఠం కోసం వేసే ఆ ఒక్క మడికి రాతి కూసాలు నాటి, పైకప్పుతో సహా ఇనుప వల వేయించక తప్పదు. మిరప, పసుపు, కాకర జోలికి అంతగా రావు. పిల్లలు మధ్యాహ్న భోజనం మిగులును తోటలో పారేయకుండా చూడండి, కోతులు మొదట వచ్చేది దానికోసమే.

చంద్రగిరి సైన్సు టీచరు:

ప్రధానోపాధ్యాయులతో మాట్లాడాను. రెండు సెంట్లు ఆకుకూరలకు, ఒక సెంటు వల కింద వేరుశనగకూ రాగికీ, వేపచెట్టు కింద ఇటుకల మూల చదును చేసి బండలు పరిచి కూర్చునే చోటుకు, గోడ వెంబడి మునగ, కరివేపాకు, ఎర్రచందనం మొక్కలకు అని అనుకున్నాం. మిగిలిన స్థలంలో ఈ ఏడాది నవధాన్యాలు మాత్రమే చల్లుతాం. కమిటీ సమావేశంలో పని పట్టికతో పాటు పెద్దల పని, పిల్లల పని అన్న విభజనను కూడా రాతపూర్వకంగా పెడతాము. లెక్కల టీచరు వర్షమాపకం బాధ్యత తీసుకున్నారు. తెలుగు టీచరు ప్రతి బృందం చేత తోట దినచర్య రాయిస్తానన్నారు.

ఒక చివరి సందేహం. పిల్లలు అనపకాయలు కావాలని అడుగుతున్నారు. సంక్రాంతికి ముందు కోతకు రావాలంటే ఎప్పుడు విత్తాలి?

పూతలపట్టు రైతు:

వేరుశనగతో పాటే, జూన్ చివర లేదా జూలైలో పదును చూసి, మడి అంచున విత్తండి. మన నాటు అనప పగటి కాలం తగ్గితేనే పూతకు వస్తుంది. ముందుగా విత్తినంత మాత్రాన ముందుగా కాయదు, తీగ మాత్రం బాగా పెరుగుతుంది. నెల తేడాతో రెండు సాళ్లు వేయించి, రెండూ ఎప్పుడు పూస్తాయో పిల్లలను గమనించమనండి. నా దగ్గర నాటు విత్తనం ఉంది. బడి తెరిచిన వారంలో తెచ్చి ఇస్తాను. వచ్చే ఏడాదికి కావలసిన గింజలను మాత్రం మీ పిల్లలే మొదటి కాపులోంచి ఎంచి, ఎండబెట్టి, వేప ఆకు కలిపి దాచుకోవాలి.